ఒకే నెర్రె మీద రెండు బోర్లు

నాకు జీతం ఇచ్చేది అనుమానపడడానికే. బొమ్మసంద్రలో గ్రానైటు రాళ్ళను పలకలుగా కోసి, నునుపు చేసి బయటికి పంపే ఫ్యాక్టరీ ఒకటుంది. ఆ పలకలు లారీ ఎక్కేముందు పరీక్షించడం నా పని. పలక ఎంత మెరిసినా నేను మెచ్చుకోకూడదు. ఇందులో ఎక్కడో తప్పు ఉండే ఉంటుందని ముందే అనుకుని దాని దగ్గరికి వెళ్ళాలి. బకెట్టుతో నీళ్ళు తెచ్చి పలకంతా తడుపుతాను, పాత పంచె గుడ్డతో తుడుస్తాను, తర్వాత చేతులు కట్టుకుని నిలబడతాను. మంచి రాయి అయితే అంతా ఒకేసారి ఆరుతుంది. లోపల వెంట్రుకంత నెర్రె ఉన్నా అది నీళ్ళు తాగి కూర్చుంటుంది. చుట్టూ ఆరిపోయాక కూడా ఆ గీత ఒక్కటీ నల్లగా, తడిగా మిగిలిపోతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, పలకను పక్కకు తోయిస్తాను.

ఈ బుద్ధిని సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి ఇంటికి రావడం నాకెప్పుడూ చేతకాలేదు. పాలవాడు నవ్వితే పాలు చూస్తాను. ఎవరైనా ఊరికే కుశలం అడిగితే ఏం పని పడిందో అనుకుంటాను. పెళ్ళయిన కొత్తలో నేను చారు గరిటెను కిటికీ వెలుతురుకు పట్టి చూశానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది. అది అబద్ధం. చింతపండు పాతదా కొత్తదా అని అడిగాను, అంతే.

నిజానికి ఈ విద్య నాకు ఫ్యాక్టరీ నేర్పలేదు, అక్క నేర్పింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. మార్కెట్టుకు తీసుకువెళ్ళి, వంకాయను తొడిమ దగ్గర నొక్కి చూడడం, తక్కెడ పళ్ళెం అడుగున ఏమైనా అంటించారేమో తడిమి చూడడం, బియ్యంలో చెయ్యి పెట్టి అడుగుబియ్యం పైకి తియ్యడం చూపించింది. "ఎవురు చెప్పినా ఒగసారి తిరగేసి చూడల్లప్పా, నేను చెప్పినా సరే," అనేది. అనేసి నవ్వేది. నేను ఆ మాట చాలా శ్రద్ధగా నేర్చుకున్నాను, కాని చివరి ముక్కను మాత్రం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. అక్కను ఎవరైనా ఎందుకు తిరగేసి చూస్తారు?

బొమ్మనహళ్ళిలో నాన్న కొన్న స్థలాన్ని ఇద్దరికీ సమానంగా పంచారు. మధ్యలో ఒక గోడ. అటు అక్క ఇల్లు, ఇటు మా ఇల్లు, పైన రెండు మేడలూ ఆనుకునే ఉంటాయి, మధ్య మోకాలెత్తు పిట్టగోడ. ఎవరి నీళ్ళ తొట్టి వాళ్ళ మేడ మీద ఉంది. రెండూ సిమెంటు తొట్లే. ఫ్యాక్టరీలో నేను సుద్ద గీత గీసి పక్కన పెట్టించిన పలకలు రెండు తెచ్చి వాటికి మూతలుగా వేశాను. నెర్రె ఉన్న రాయి వంటగది గట్టుకు పనికిరాదు గాని తొట్టి మూతకు దివ్యంగా పనికొస్తుంది.

అక్కకు ఇడ్లీపిండి, దోసెపిండి వ్యాపారం. వీధివైపు ఒక అరుగు, దాని వెనక రేకుల షెడ్డు, షెడ్డులో గ్రైండర్లు. గార్మెంట్ ఫ్యాక్టరీలు వదిలే వేళకు ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి పిండి పొట్లాలు పట్టుకుపోతారు. మా ప్రాంతంలో ఎవరి పిండి పుల్లన, ఎవరి పిండి పలుచన అని వాళ్ళకు బాగా తెలుసు. అక్క పిండి తెల్లగా ఉంటుందని పేరు. గిన్నెల మీద కప్పే గుడ్డలు అంతకంటే తెల్లగా ఉంటాయి. ఇప్పటికీ వాటిని చేత్తో ఉతికి, నీలిమందు పెట్టి, మేడమీద ఆరేస్తుంది. బావ పోయాక ఆ పిండి మీదే ఆమె తలెత్తుకుని బతికింది. ఆ పిండికి కావలసిందల్లా నీళ్ళు. మా వీధికి కావేరి నీళ్ళు పెద్ద అధికారి వచ్చినట్టు ఎప్పుడో ఒకసారి వచ్చి, అందరూ చూసేలోపే వెళ్ళిపోతాయి. కాబట్టి అక్క బోరు ఎండితే అక్క వ్యాపారం ఎండినట్టే. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, గోడకు కూడా తెలుసు.

ముందు అక్క బోరు వేయించింది. తర్వాత కొన్నేళ్ళకు నేను వేయించాను. బోరు లారీ వచ్చినప్పుడు వీధి వీధంతా బూడిద కొట్టుకుపోతుంది, కాని నేను అక్కడినుంచి కదలను. గొట్టం ఒక్కొక్కటి లోపలికి దిగినప్పుడల్లా పైకి వచ్చిన పొడిని వరసగా చిన్న చిన్న కుప్పలుగా పోస్తారు. ఆ కుప్పల వరస చూస్తే కింద ఏముందో చదువుకోవచ్చు. మొదట ఎర్రమట్టి. తర్వాత బూడిదరంగు, మళ్ళీ బూడిదరంగు, ఎంతకీ అదే. మధ్య మధ్య కాకిబంగారం తళుకు. అడుగున ఒకచోట పొడి హఠాత్తుగా గులాబీ రంగుకు తిరిగింది, సరిగ్గా అక్కడే గొట్టం నీళ్ళు చిమ్మింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకంటే అక్క బోరు వేసినప్పుడు కూడా నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ పొడి ఇలాగే తిరిగింది, ఇదే లోతులో, ఇదే గులాబీకి.

ఆ గులాబీ రాయి సంగతి నాకు చెప్పినాయన మా ఫ్యాక్టరీకి క్వారీలు చూసిపెట్టే భూగర్భశాస్త్రవేత్త. రామనగరం వైపు గుట్టలకు వెళ్ళినప్పుడు నన్ను కూడా జీపులో తీసుకువెళ్ళేవారు. అక్కడ కోసిన రాతిగోడ ముందు నిలబెట్టి చూపించారు. ముందునుంచీ ఉన్నది చారల బూడిదరంగు రాయి. మన లాల్‌బాగులో జనం ఎక్కి ఫొటోలు దిగే బండ కూడా ఆ జాతిదే. రెండువందల యాభై కోట్ల ఏళ్ళ కిందట కింది నుంచి కరిగిన రాయి పొంగి, ఈ పాత రాతిని చీల్చుకుంటూ పైకి వచ్చిందట. నేల మీదకు రాలేదు, లోపలే ఆగిపోయింది. ఆగి, తొందరేమీ లేకుండా చల్లారింది. అందుకే అందులో గింజలు పెద్దవి: గులాబీ గింజలు, గాజులాంటి పలుగురాయి గింజలు, మధ్యలో నల్లటి రేకులు. ఉత్తరం నుంచి దక్షిణానికి పెద్ద పట్టీలాగా అది రామనగరం మీదుగా పోతుంది. మా బొమ్మనహళ్ళి కింద దొరికిన గులాబీ రాయి దాని పాయేనా అని అడిగితే, పాయ కావచ్చు, దాని చుట్టం కావచ్చు, చూడకుండా చెప్పను అన్నారు. ఆ జవాబుతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

అలా వచ్చి దూరిన రాతిని వాళ్ళ పుస్తకాల్లో చొరబాటు అంటారట. నాకు ఆ మాట రుచించలేదు. మా ముత్తాతల కాలం నుంచి మేము ఈ ఊళ్ళోనే ఉన్నాం. అయినా నేను తెలుగు మాట్లాడగానే, ఆంధ్రాలో ఏ ఊరు సార్, ఎప్పుడొచ్చారు అని అడిగేవాళ్ళు దినానికి ఒకరైనా తగులుతారు. అన్ని కోట్ల ఏళ్ళు ఇక్కడే ఉన్న రాయి ఇంకా చొరబడినదేనా అని ఆయనను అడిగాను. ఆయన నవ్వి, గోడమీద ఒకచోట వేలు పెట్టి చూపించారు. గులాబీ రాయి పొట్టలో పాత బూడిదరంగు రాయి ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. రెండూ ఎప్పుడో కలిసిపోయాయి, ఇప్పుడు విడదీయలేం అన్నారు. ఆగి, ఇంకో మాట కూడా అన్నారు. కలిసిపోయినట్టే ఉంటాయి గాని, ఎప్పుడైనా భూమి నలిగితే పగిలేది చాలాచోట్ల ఈ అంచునే. ఈ రాళ్ళలో నీళ్ళు రాతి లోపల ఉండవు, అలాంటి పగుళ్ళలోనే ఉంటాయి.

ఆ మాట పట్టుకుని నేను ఇంటికి వచ్చాను. అంటే అక్క తాగేదీ నేను తాగేదీ ఒకే నెర్రెలో నీళ్ళు. ఇద్దరం ఒకేసారి లాగితే ఇద్దరికీ దక్కవు. ఎవరు ముందు లాగితే వాళ్ళవి. ఆరోజే మా ఆవిడకు గట్టిగా చెప్పాను. అక్క మోటారు తిరుగుతున్నంతసేపు మన మోటారు ముట్టకూడదు. అక్క తొట్టి నిండితే పైనుంచి నీళ్ళు పొర్లి షెడ్డు రేకుల మీద పడతాయి, ఆ చప్పుడు వస్తుంది, వెంటనే ఆమె మోటారు ఆగుతుంది. ఆగాక మనం వేసుకోవాలి. ఎంతయినా పిండి ఆమెది, మనది ఉత్త స్నానాలూ గిన్నెలే. మా ఆవిడ మొదట్లో సణిగింది గాని తర్వాత అలవాటు పడింది. రేకుల మీద నీళ్ళ చప్పుడు మా ఇంట్లో గడియారం అయింది.

ఈ మాట అక్కకు మాత్రం చెప్పలేదు. ఒకే నెర్రె అని తెలిస్తే ఆమె కుదురుగా ఉండలేదు, నా కొళాయి తిప్పినప్పుడల్లా గోడ అవతల లెక్క వేసుకుంటుంది అనుకున్నాను. అక్క అనుమానం సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

ఆ ఎండాకాలం మొదట అక్క మోటారు మొండికేసింది. నీళ్ళతో పాటు గాలి లాగుతోందని, వైండింగ్ కాలిందని మెకానిక్కు వచ్చి మోటారును పైకి తీసి పట్టుకుపోయాడు. అప్పుడు నేను, మా కొళాయి నుంచి గోడమీదుగా పైపు వేస్తానన్నాను. అక్క వద్దంది. ట్యాంకరు తెప్పించుకుంటానంది. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే మనిషి ట్యాంకరు తెప్పించుకోవడం నాకు వింతగా తోచాలి. తోచలేదు. తమ్ముడికి ఇబ్బంది ఎందుకని కాబోలు అనుకుని కొంచెం పొంగిపోయాను కూడా.

తర్వాత కొన్నాళ్ళకు నా తెల్లచొక్కా నీలంగా ఆరింది.

మా ఆవిడ మొదట సబ్బును తిట్టింది. తర్వాత నా ఫ్యాక్టరీ చొక్కాలను తిట్టింది. ఇంకోరోజు బిందెలో పట్టిన నీళ్ళలోనే రంగు కనిపించింది. ముదురు రంగు కాదు, తెల్ల గిన్నెలో పోస్తే తెలిసేంత నీలం. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పటినుంచి తాగడానికి క్యాను నీళ్ళు తెచ్చుకున్నాం. నేను గాజు గ్లాసులు తీసి, రోజూ పొద్దున ఒకదాంట్లో బోరు నీళ్ళు పట్టి కిటికీ గట్టుమీద వరసగా పెట్టడం మొదలుపెట్టాను. మోటారు ఎక్కువసేపు నడిచిన రోజు నీలం ఎక్కువగా ఉంటోంది. అంటే రంగు మా గొట్టంలోది కాదు, తొట్టిలోది కాదు. దూరం నుంచి లాక్కుని వస్తోంది. ఎవరో ఏదో భూమిలోకి వదులుతున్నారు.

నా అనుమానం తిన్నగా వెనకవీధి జీన్సు ప్యాంట్ల యూనిట్టు మీదకు పోయింది. ప్యాంట్లకు రంగువేసి ఉతికే చోటు, రంగు ఏమో నీలం, ఇంకేం కావాలి? గ్లాసు పట్టుకుని వెళ్ళి యజమానిని నిలదీశాను. ఆయన కోపగించుకోలేదు. అది నాకు మరింత అనుమానం కలిగించింది. నన్ను లోపలికి తీసుకువెళ్ళి ఉతికే తొట్లు చూపించాడు. అన్నీ ఎండి, అడుగున పగిలి ఉన్నాయి. నీళ్ళు లేక ఉతకడం ఎప్పుడో మానేశామని, ఇప్పుడు ఉత్త కుట్టుపనేనని కన్నడంలో నెమ్మదిగా చెప్పాడు. నేను నమ్మలేదు. కాలువ మీద రాయి ఎత్తి చూశాను. లోపల సాలెగూడు. చేసేదిలేక ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చాను. టీ ఏ నీళ్ళతో పెట్టాడో అని అదొక అనుమానం.

ఆ తర్వాత తొట్టికి మందు పూసిన ప్లంబరును అనుమానించాను. మూలమీద కొత్తగా పునాదులు తవ్వుతున్నవాళ్ళను అనుమానించాను. ఒకపూట మా ఆవిడ వైపు కూడా అదే చూపు తిప్పాను. ఆవిడ అది కనిపెట్టి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఈలోపు నా గ్లాసుల సంగతి వీధికి పాకింది. నేలలోకి కెమికల్ దిగిందట అని ఒకరంటే, క్యాన్సర్ వస్తుందట అని ఇంకొకరు. సాయంత్రం పిండికి వచ్చే ఆడవాళ్ళు అక్కను అడగడం మొదలుపెట్టారు, మీ పిండి ఏ నీళ్ళతో రుబ్బుతారు అని. మా ఇంట్లో ట్యాంకరు నీళ్ళమ్మా అని అక్క చెప్పేది. ట్యాంకరు గుమ్మంముందు ఆగినప్పుడు కావాలనే కాసేపు నిలబెట్టేది, నలుగురూ చూడాలని. అయినా ఒకరిద్దరు తగ్గారు, తర్వాత నలుగురైదుగురు తగ్గారు. సాయంత్రానికి ఖాళీ అయ్యే గిన్నెలు మూతగుడ్డలతో సహా అలాగే మిగిలి ఉండడం నేను గోడ మీదుగా చూశాను. ముప్ఫై ఏళ్ళ పేరు. నాకు ఆ నీలం వదిలినవాడు దొరికితే మెడ విరిచేద్దామన్నంత కోపం వచ్చింది.

గ్లాసు తీసుకెళ్ళి అక్కకు చూపించాను. ఆమె వెలుతురుకు పట్టి, నేను పలకను చూసినంత సేపు చూసింది. "అట్లనా," అంది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, మొదట ఏ రోజు వచ్చిందని. చెప్పాను. తల ఊపి గ్లాసు తిరిగి ఇచ్చేసింది. నాకోసం దిగులు పడుతోంది పాపం అనుకున్నాను.

ఆదివారం పొద్దున కిటికీ గట్టు తుడవడానికి మా ఆవిడ గ్లాసులు తీయమంది. అన్నిటికంటే ముందు పట్టిన గ్లాసు తీసి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి. నీలమంతా అడుగుకు దిగి పలుచటి పొరగా పేరుకుంది. బట్టల రంగు ఇలా దిగదు, నీళ్ళలో కలిసే ఉంటుంది. ఇది పొడి. నీళ్ళు వంచేసి ఆ పొరను వేలికి అంటించి రాసి చూశాను. రాతిపొడి గరగరలాడుతుంది. ఇది మెత్తగా, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోవలసిన పనికూడా లేకపోయింది. చిన్నప్పుడు నాన్న పంచెలకు పెట్టేటప్పుడు గుడ్డముక్కలో మూటకట్టి నీళ్ళలో ఆడించేది ఇదే. నీలిమందు.

మా వీధిలో అందరికీ వాషింగ్ మెషీన్లే. ఇప్పటికీ తెల్లగుడ్డలకు నీలిమందు పెట్టే ఇల్లు ఒక్కటే ఉంది.

పలకలో నెర్రె దొరికినప్పుడు నాకు లోపల ఒక చిన్న సంతోషం కలుగుతుంది, దొరికిపోయావులే అని. ఆరోజు కలగలేదు. మా ఆవిడకు ఏమీ చెప్పకుండా ఆ గ్లాసు పట్టుకుని గోడ చుట్టూ తిరిగి అక్క ఇంటికి వెళ్ళాను.

అక్క షెడ్డులో కూర్చుని మినప్పప్పు కడుగుతోంది. గ్లాసు ఆమె ముందు పెట్టాను. అడుగున ఉన్న నీలం చూసింది, నా వేలి చివర ఉన్న నీలం చూసింది. పప్పు కడగడం ఆపలేదు.

"నేనే పోసినానప్పా," అంది. "మోటారు పైకి తీసినప్పుడు బోరు నోరు తెరిచే ఉండె. ఇంట్లో ఉండే నీలిమందు, అంగట్లో తెచ్చింది, అంతా పోసేస్తి. నీ కొళాయిలో వస్తాదా రాదా చూడల్లనుకొంటి."

"ఏమిటికక్కా?"

"నా మోటారు నిలిచీ నిలవకముందే నీ మోటారు మొదులైతాది. ఒగ దినం కాదు, దినామూ. గోడకాడ చెవి పెట్టుకోని కాసుకోని ఉండేవాళ్ళ మాదిరి. ఇక్కడ చూస్తే నా నీళ్ళు తగ్గుతా ఉండాయి. నేను ఏమనుకోవల్ల?"

లోకంలో అందరినీ అనుమానించాను, సాలెగూడును కూడా వదల్లేదు. నేనేమీ చెప్పకపోయినా అక్క నన్ను అనుమానిస్తుందని మాత్రం ఒక్కసారి కూడా తోచలేదు. నిజంగానే గోడ దగ్గర చెవి పెట్టుకుని ఉన్నాను. ఆమె విన్నది తప్పు కాదు. తర్వాత తడబడుతూ అంతా చెప్పాను: పొడి కుప్పలు, బూడిదరంగు, గులాబీ రంగు, రెండు రాళ్ళు కలిసే అంచు, ఒకే నెర్రె, ఆమె తొట్టి నిండేదాకా మేము ఆగడం. చెబుతూ ఉంటే నాకే అది అప్పటికప్పుడు అల్లుకున్న కథలాగా వినిపించింది. ఆమె చేతిలో రుజువు ఉంది, గ్లాసు అడుగున నీలంగా కనబడుతోంది. నా చేతిలో ఉన్నది ఉత్త మాట. నీళ్ళు ఒకే నెర్రెలోవని ఆ నీలం చెబుతుంది గాని, ఎవరు ఎవరికోసం ఆగారో చెప్పదు కదా.

అక్క అంతా విని, పప్పునీళ్ళు వంచింది.

"ఇన్ని దినాలు చెప్పలేదే మరి?"

"చెప్తే నువ్వు అనుమానపడతావని."

ఆమె మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసింది. నవ్వుతుందేమోననుకున్నాను. నవ్వలేదు. "చెప్పకపోతేనే గదప్పా వచ్చేది," అంది. నన్ను నమ్మిందో లేదో ఆ మాటలో తెలియలేదు. కాఫీ తాగమని కూడా అనలేదు. నేను ఖాళీ గ్లాసుతో ఇంటికి వచ్చి, మా ఆవిడకు చెప్పి, కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చావని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దొంగ అనుకున్నందుకు కాదు. అన్నాళ్ళు గోడ అవతల ఒక్కతే కూర్చుని అలా అనుకుంటూ గడిపినందుకు.

కొన్నాళ్ళకు ఆమె మోటారు బాగుపడి వచ్చింది. తీరా బోరులో దించితే, మా నీళ్ళు నీలమైన దానికి పదింతలు ఆమెవి నీలమయ్యాయి. పోసింది అక్కడే మరి. తేటపడేదాకా తోడి వీధి కాలువలోకి వదిలింది. కాలువ మలుపుదాకా నీలంగా పారుతుంటే వీధంతా వచ్చి చూసింది. ఎవరూ అడగకముందే అక్క అరుగుమీద నిలబడి, బోరు కడిగేకి నేనే నీలిమందు పోసినాను, కెమికలూ లేదు ఏమీ లేదు అని అందరికీ చెప్పింది. నీలిమందుతో బోరు కడగడం ఎక్కడైనా ఉందా అని ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. నేను పక్కనే ఉండి అవునన్నట్టు తల ఊపాను. వాళ్ళు నమ్మారో లేదో గాని, పిచ్చిపని చేసిందిలే ముసలమ్మ అని నవ్వుకుంటూ మెల్లగా మళ్ళీ పిండికి రావడం మొదలుపెట్టారు. అక్కకు కావలసింది అదే.

మాకు మాత్రం అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పొద్దున అక్క మోటారు తిరిగింది, ఆగింది. నేనూ మా ఆవిడా స్విచ్చు ముందు నిలబడి ఉన్నాం. వేస్తే, చూశావా కాసుకునే ఉన్నాడు అనుకుంటుంది. వేయకపోతే మాకు నీళ్ళు లేవు. కాసేపాగి వేద్దామని మా ఆవిడ. ఎంతసేపు ఆగితే కాసుకున్నట్టు కాదో ఎవరు చెప్పాలి? అలా నిలబడి ఉండగా గోడ అవతలనుంచి అక్క గొంతు వినిపించింది.

"నాది అయ్యిందప్పా. నువ్వు వేసుకో."

నా ప్రాణం లేచి వచ్చింది. మర్నాడూ పిలిచింది, ఆ మర్నాడూ పిలిచింది. ఇక ఏ గొడవా లేదు, వదిన మనసు తేటపడింది అని మా ఆవిడ పండగ చేసుకుంది. నాకు ఎందుకో స్థిమితం లేదు. ఏదో ఒకటి సరిగ్గా లేదు. పలక అంతా ఆరినట్టే ఉన్నా ఎక్కడో తడి ఉందని కన్ను లాగుతుందే, అలాగ. కొన్నాళ్ళు గడిచాక గాని అదేమిటో తట్టలేదు. రేకుల మీద చప్పుడు లేదు. అక్క తొట్టి నిండి పొర్లి, షెడ్డు రేకుల మీద నీళ్ళు పడే చప్పుడు నేను విని చాలా రోజులైంది.

అక్కను అడిగాను, తొట్టి నిండుతోందా అని. "నిండకేమి, నిండుతా ఉండాది," అంది, మొహం తిప్పుకోకుండా.

నేను నమ్మలేదు. సాయంత్రం ఆమె అరుగుమీద పిండి కొలుస్తుండగా మా మేడ ఎక్కి, పిట్టగోడ దాటి, ఆమె తొట్టి మీద పలక జరిపి లోపలికి చూశాను. సిమెంటు గోడ మీద నీళ్ళు ఎప్పుడూ నిలిచే మట్టం గీతగా పైన ఉంది. ఆ గీత ఆరిపోయి తెల్లబారింది. నీళ్ళు ఎక్కడో కింద, సగంలో ఉన్నాయి. తొట్టి సగమైనా కాకముందే ఆపేసి, నిండిందని చెప్పి, నన్ను వేసుకోమంటోంది.

పలకను యథాస్థానంలో పెట్టి కిందికి దిగాను. ఎవరితోనూ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున అక్క పిలిచాక మోటారు వేశాను. మా తొట్టి ఇంకా సగం ఉండగానే ఆపేశాను.

గోడ అవతలనుంచి "అప్పుడే ఏమిటికి ఆపితివి?" అని అక్క అడిగింది.

"నిండిందక్కా," అన్నాను.

తర్వాత మెట్లమీద, మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి ఎక్కుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. చప్పుడు మేడదాకా వెళ్ళింది, పిట్టగోడ దగ్గర ఆగింది, దాటింది. మా ఆవిడ నావైపు చూసింది. పైన మా తొట్టి మీద పలక గరగరమంటూ పక్కకు జరిగింది.